సెక్యులర్ దేశంలో గుడి హుండీ లెక్క ప్రభుత్వానికెందుకు?

టీనగర్ తెలుగోడు:
మద్రాసులోనే పుట్టి పెరిగినవాణ్ణి. మొన్న భోజనాల దగ్గర మా బావకీ నాకూ గొడవ. "మతానికీ ప్రభుత్వానికీ సంబంధం లేదంటారు, మరి గుడికి ఈవోని, అంటే కార్యనిర్వహణాధికారిని, వేసేదెవరు, హుండీ లెక్కపెట్టించేదెవరు, చర్చికి ఇదంతా ఎందుకు లేదు?" అన్నాడు. నాకు జవాబు తట్టక పప్పన్నం కలుపుతూ కూర్చున్నా. ఇది నిజంగా సెక్యులరిజమేనా? పార్టీల భాష వద్దు, తెలిసినవాళ్లు చెప్పండి.

పాత కాగితాలు:
మీ పేటలోనే పానగల్ పార్కు ఉంది కదండీ, కథ ఆయనతోనే మొదలు. పానగల్ రాజా, అంటే మన కాళహస్తి వైపు పానగంటి రామరాయణింగారు, జస్టిస్ పార్టీ ముఖ్యమంత్రి. గుడి మాన్యాలు ధర్మకర్తల సొంత ఆస్తుల్లా కరిగిపోతున్నాయని 1922లో దేవాదాయ బిల్లు తెచ్చి, నానా గొడవల మధ్య 1925లో చట్టం చేయించారు. అప్పటికి రాజ్యాంగమే లేదు. పీఠికలో సెక్యులర్ అన్న మాట చేరింది 1976లో. 26వ ఆర్టికల్ చూడండి, మత వ్యవహారాలు మతశాఖల ఇష్టం, ఆస్తి నిర్వహణ మాత్రం చట్టం ప్రకారం. మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ కట్టేసే పద్ధతి మనది కానే కాదు.

మైలాపూర్ మావయ్య:
అన్నా, సగమే చెప్పారు. 2014లో చిదంబరం నటరాజ ఆలయం కేసులో సుప్రీంకోర్టు ఏమంది? అవకతవకలు ఉంటే ప్రభుత్వం చేతిలోకి తీసుకోవచ్చు, సరిదిద్దాక తిరిగి ఇచ్చెయ్యాలి, శాశ్వతంగా పట్టుకు కూర్చోకూడదు అంది. ఇక్కడ చాలా గుళ్లలో ఆ 'సరిదిద్దాక' అన్నది ఎప్పటికీ రాదు. ఆడిట్ చెయ్యండి, కాదనను, నడపడం ఎందుకు? వక్ఫ్ బోర్డులు కూడా చట్టంతో ఏర్పడ్డవే కాబట్టి ఒక్క గుళ్లకే అనడం తప్పు. చర్చికి అలాంటి బోర్డు లేదు, అక్కడ మీ బావ కరెక్ట్.

వ్యాసర్పాడి పిల్ల:
మావయ్యగారూ, గుడిని భక్తులకి అప్పజెప్పమంటున్నారు సరే, ఏ భక్తులకి? మా ముత్తాత నెల్లూరు వైపు నుంచి కార్పొరేషన్ ఊడ్పు పనికి వచ్చాడు. మా నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ల ఊరి గుడి బయట వీధిలోంచే దణ్ణం పెట్టుకునేదట. 1939లో మదురై మీనాక్షి గుడి తలుపు దళితులకి తెరుచుకున్నా, 1947లో మద్రాసు రాష్ట్రమంతటికీ ఆలయ ప్రవేశ చట్టం వచ్చినా, అది ప్రభుత్వం వేలు పెట్టడం వల్లే. అన్ని కులాలవాళ్లూ అర్చకులు కావచ్చని తమిళనాడు 1970లో చట్టం తెస్తే, ఒకేసారి ఓ ఇరవై మందికి పైగా చేతికి ఉత్తర్వులు అందింది 2021లో.

అట్లా అని ప్రభుత్వం చేతులు శుద్ధం అనను. ఎవరు షెడ్యూల్డ్ కులాలవాళ్లో చెప్పే 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు మొదట దాదాపుగా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవంలోకి వెళ్తే ఎస్సీ హోదా పోతుంది, వాడలో ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది. మా చుట్టాల్లో ఎంతోమంది ఆదివారం చర్చిలో, సర్టిఫికెట్లో హిందువు. నన్నడిగితే హుండీ కన్నా ఇది పెద్ద ప్రశ్న.

టీనగర్ తెలుగోడు:
బావకి అంతా చదివి వినిపించా. చర్చి మాటకి ఎగిరి గంతేశాడు, "ఏ భక్తులకి" దగ్గర ఫోన్ చూసుకున్నాడు. ఆదివారం మళ్లీ భోజనానికి వస్తున్నాడు, ఈసారి ఆ సర్టిఫికెట్ సంగతి ఎత్తుతా.