బనావె కొండ మడులు కూలుతున్నది వానకా, వలసకా?

దవావో మెడికో: ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదువుతున్నా. సెలవుల్లో మనీలాలో రాత్రి బస్సెక్కి బనావె, అక్కడి నుంచి బతాద్ వెళ్లాం. ఇఫుగావోలనే అక్కడి గిరిజనులు కొండ నడుం చుట్టూ కట్టుకున్న వరి మడులు చూడటానికి. ఒకచోట గట్టు జారి కింది మూడు మడుల్ని కప్పేసింది. బురదలోంచి వరి కొనలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. నా లెక్కలో తప్పు వాతావరణ మార్పుదే. ఎండ ముదిరి మడి నెర్రెలిస్తే, తర్వాతి తుఫానుకి నీళ్లు ఆ నెర్రెల్లో దిగి గోడ ఉబ్బి పడిపోతుంది.

మెట్టరైతు: తుఫాన్లు వాళ్లకి కొత్తా తమ్ముడూ? ఆ దేశం వైపు ఏటా ఇరవై దాకా వస్తాయి. గట్టన్నాక తెగుతుంది. తెగిన వారంలో రాయి ఎత్తే మనిషి ఊళ్లో ఉన్నాడా లేడా, అదీ చూడాల్సింది. యునెస్కో 1995లో ఆ మడుల్ని వారసత్వ జాబితాలో చేర్చి, 2001లో ప్రమాదంలో ఉన్నాయంది, 2012లో ఆ ముద్ర తీసేసింది. ఆ పదకొండేళ్లలో వాతావరణం ఏమైనా చల్లబడిందా?

దవావో మెడికో: అన్నా, అక్కడి దేశవాళీ వరి తినావొన్. ఏడాదికి ఒక్కటే పంట. అది తుఫానుకి పోతే మళ్లీ ఏడాది దాకా గింజ లేదు. కుర్రాళ్లు పట్నం పోక ఏం చేస్తారు? వలసకీ వానే కారణం అంటున్నా.

సీతంపేట సైడు: ఇద్దరూ మడులే చూస్తున్నారు, పైనున్న అడవి సంగతో? ఇఫుగావోల్లో ఒక్కో కుటుంబానికి మడుల పైన ‘ముయోంగ్’ అని సొంత అడవి ఉంటుంది. ఊట నీళ్లు అక్కడివే. మా సవర ఊళ్లలోనూ గెడ్డ నీళ్లు మళ్లించి, రాళ్లు పేర్చి మడులు కడతారు. 2018 తిత్లీ తుఫానుకి మా మామయ్య ఊళ్లో పైన చెట్లున్న వైపు మడులు నిలబడ్డాయి. జీడితోట కోసం కొట్టేసిన వైపు బండలు దొర్లుకుంటూ వచ్చి పడ్డాయి. వాన రెండు వైపులా ఒకటే.

పాత రాళ్లు: చిన్న సవరణ. ఆ మడులు రెండు వేల ఏళ్లవని అందరూ అంటారు గానీ, పురావస్తు పరిశోధకుడు స్టీఫెన్ అకబాడో లెక్క ప్రకారం వరి మడులు సుమారు నాలుగు వందల ఏళ్లవే. స్పెయిన్ వాళ్లు వచ్చిన కాలం. అంతకు ముందు చేమదుంప పండించేవారట. అంటే పంట మార్చుకోవడం వాళ్లకి తెలియంది కాదు.

మెట్టరైతు: సీతంపేట మాట ఒప్పుకుంటున్నా. కానీ ముయోంగ్‌ని నరికింది వాన కాదు. కొయ్య బొమ్మలు చెక్కి టూరిస్టులకి అమ్మడం కూడా ఒక కారణం.

దవావో మెడికో: ధాన్యాన్ని కాపాడే దేవుడని చెప్తే ఒక బులుల్ బొమ్మ కొన్నా. హాస్టల్లో నా టేబుల్ మీదే ఉంది.