బైరాయిట్‌ను ఒపేరా పట్టణంగా నిలబెట్టింది వాగ్నర్ ఒక్కరేనా?

ప్రశ్న: సంగీతప్రియ

జర్మనీలోని బైరాయిట్ పట్టణం గురించి కొంతకాలంగా చదువుతున్నాను. చదివిన వ్యాసాలన్నీ ఇంచుమించు ఒకే కథ చెబుతున్నాయి. రిచర్డ్ వాగ్నర్ తన సంగీత నాటకాల కోసమే అక్కడి కొండ మీద ఒక నాటకశాల కట్టించి, 1876లో ఉత్సవాలు ప్రారంభించారనీ, ఆ ఊరికి పేరు వచ్చింది దానివల్లనేననీ వాటి సారాంశం. అయితే మ్యూనిక్, డ్రెస్డెన్, బెర్లిన్ వంటి పెద్ద నగరాలు ఉండగా, బవేరియా ఉత్తర భాగంలోని ఈ చిన్న పట్టణాన్నే ఆయన ఎందుకు ఎంచుకున్నారో నాకు స్పష్టం కాలేదు. ఆయన రాకముందు ఆ ఊరికి సంగీతంతో సంబంధం ఏమైనా ఉండేదా? ఆ నాటకశాల నిర్మాణంలో అంత విశేషం ఏమిటి? హిట్లర్ కాలంలో ఈ ఉత్సవానికి అంటిన మరకను ఆ ఊరు ఈనాడు ఎలా చూస్తోందో కూడా తెలుసుకోవాలని ఉంది. తెలిసినవారు వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: పాతకోట

మీ మొదటి సందేహానికి నేను జవాబు చెప్పగలను. బైరాయిట్ కథను 1876తో మొదలుపెట్టడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఆ ఊరి పేరు 1194 నాటి పత్రాల్లోనే కనిపిస్తుంది గాని, దాని దశ తిరిగింది మాత్రం 1603లో, హోహెన్‌జొలెర్న్ వంశీయుడైన క్రిస్టియన్ ప్రభువు తన కొలువును కుల్మ్‌బాఖ్ నుంచి ఇక్కడికి మార్చినప్పుడు. ఇక సంగీతం సంగతికి వస్తే, మనం తలచుకోవలసిన పేరు విల్హెల్మీన. జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజకుమార్తె, ఆ దేశపు రాజు ఫ్రెడరిక్ ది గ్రేట్‌కు అక్క అయిన ఆమె 1731లో ఈ సంస్థానపు యువరాజు ఫ్రెడరిక్‌ను పెళ్లాడి ఇక్కడికి వచ్చారు. బెర్లిన్ దర్బారులో పెరిగిన ఆమెకు ఈ చిన్న సంస్థానపు మనుషులూ మర్యాదలూ ఏమంత నచ్చలేదని ఆమె స్వీయచరిత్ర చదివితే తెలుస్తుంది. అయినా ఆమె ఊరుకోలేదు. స్వయంగా లూట్ అనే తంత్రీవాద్యం వాయించేవారు, స్వరరచన చేసేవారు. 1740లో ‘అర్జెనోరె’ అనే ఒపేరాను స్వరపరిచారు. ఇటలీ నుంచి గాయకులను రప్పించి తన కొలువులో ఒపేరాను ప్రదర్శింపజేశారు.

1748లో తన ఏకైక కుమార్తెను వుర్టెంబెర్గ్ డ్యూక్ కార్ల్ ఓయిగెన్‌కు ఇచ్చి పెళ్లి చేసినప్పుడు, ఆ వేడుకల కోసం ఆమె పూనికతో సిద్ధమైనదే మార్‌గ్రేవ్ (ఈ సంస్థానాధీశుల బిరుదు) ఒపేరా భవనం. వీధివైపు రాతి ముఖభాగాన్ని జోసెఫ్ సాఁ-ప్యేర్ రూపొందించగా, లోపలి నాటకశాలను ఆ రోజుల్లో యూరప్ అంతటా పేరుమోసిన రంగస్థల శిల్పి జుసెప్పె గల్లి బిబియేన, ఆయన కుమారుడు కార్లో తీర్చిదిద్దారు. లోపల అడుగుపెట్టి చూస్తే అంచెలంచెలుగా లేచిన బాల్కనీలు, బంగారు పూత అలంకారాలు, చిత్రాలతో నిండిన పైకప్పు కళ్లు చెదరగొడతాయి. తీరా చూస్తే అదంతా కలప, రంగులు వేసిన గుడ్డ. నిప్పురవ్వ పడితే నిమిషాల్లో బూడిదయ్యే సామగ్రి అది. ఆ కాలపు దర్బారు నాటకశాలలు అనేకం అలాగే కాలిపోయాయి, లేదా తర్వాతి ప్రభువుల అభిరుచికి తగినట్టు మారిపోయాయి.

ఇది మిగలడానికి కారణం సంస్థానం క్షీణించడమే. విల్హెల్మీన 1758లో, ఆమె భర్త 1763లో కన్నుమూశారు. మగ సంతానం లేక 1769లో సంస్థానం అదే వంశపు ఆన్స్‌బాఖ్ శాఖలో కలిసిపోయింది. ఆ తర్వాత ప్రష్యా చేతికి, అక్కడి నుంచి ఫ్రెంచివారి చేతికి, చివరకు 1810లో బవేరియాకు చేరింది. కొలువు లేని ఊళ్లో ఆ భవనాన్ని కూల్చి కొత్తది కట్టించే దొర ఎవరూ లేకపోయారు. యునెస్కో దీనిని 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సుదీర్ఘమైన పునరుద్ధరణ తర్వాత 2018లో మళ్లీ తెరిచారు.

సమాధానం: శ్రోత

పైవారు ఆపిన చోటి నుంచే నేను కొనసాగిస్తాను, ఎందుకంటే వాగ్నర్‌ను బైరాయిట్‌కు రప్పించింది ఆ పాత నాటకశాలే. దాని వేదిక అసాధారణమైన లోతు గలదని 1870లో ఒక విజ్ఞాన సర్వస్వంలో చదివి, మరుసటి ఏడాది స్వయంగా చూడడానికి వచ్చారు. తన బృహత్తరమైన ‘నీబెలుంగ్ ఉంగరం’ నాటకాలకు ఆ శాల ఏ విధంగానూ సరిపోదని చూడగానే తేలిపోయింది. కానీ ఊరు నచ్చింది. అది తన పోషకుడైన బవేరియా రాజు రెండవ లుడ్విగ్ ఏలుబడిలోనే ఉంది; అక్కడ పోటీకి వచ్చే స్థిరమైన ఒపేరా సంస్థ లేదు; శ్రోతల దృష్టిని మరల్చే నగర విలాసాలూ లేవు. వీటన్నిటికీ తోడు పురపాలక సంఘం స్థలాన్ని ఉచితంగా ఇచ్చింది. మేయర్ తియొడోర్ ముంకర్, బ్యాంకరు ఫ్రీడ్రిఖ్ ఫోయిస్టెల్ వెన్నుదన్నుగా నిలవకపోతే ఈ పని ముందుకు సాగేది కాదు. కీర్తి అంతా వాగ్నర్‌కే కట్టబెట్టే వ్యాసాల్లో వీరి పేర్లు కనబడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

1872 మే 22న, తన 59వ పుట్టినరోజున, కుండపోత వానలో ఆయన శంకుస్థాపన చేశారు. ఆనాడు బీథోవెన్ తొమ్మిదవ సింఫనీని వినిపించింది విల్హెల్మీన కట్టించిన నాటకశాలలోనే. ఒక్కొక్కటి 300 థాలర్ల (ఆనాటి జర్మన్ వెండి నాణేలు) చొప్పున 1000 పోషక పత్రాలు అమ్మి ఖర్చు రాబట్టాలన్న పథకం పారలేదు. 1874లో రాజు 1,00,000 థాలర్ల అప్పు ఇచ్చిన మీదటే పని పూర్తయింది. 1876 ఆగస్టు 13న మొదలైన తొలి ఉత్సవానికి జర్మనీ చక్రవర్తి మొదటి విల్హెల్మ్, బ్రెజిల్ చక్రవర్తి రెండవ పెడ్రో, స్వరకర్తలు లిస్ట్, చైకోవ్‌స్కీ, గ్రీగ్ వచ్చారు. అయినా మిగిలింది నష్టమే, మళ్లీ ఉత్సవం జరగడానికి 1882 వరకు ఆగవలసి వచ్చింది.

ఇక నిర్మాణ విశేషానికి వస్తాను. ఆ శాలలో ప్రేక్షకులకు వాద్యబృందం కనిపించదు. వాద్యకారులు కూర్చునే గొయ్యి మెట్లు మెట్లుగా వేదిక కిందికి దిగిపోతుంది. దాని మీద వంపు తిరిగిన కప్పు ఉంటుంది. వయొలిన్లు పైమెట్ల మీద ఉంటాయి, పెద్ద ధ్వని గల ఇత్తడి వాద్యాలు, డప్పులు అట్టడుగున ఉంటాయి. నాదం నేరుగా శ్రోతలకు చేరకుండా ముందు వేదిక మీదికి వెళ్లి, గాయకుల గొంతుతో కలిసి అప్పుడు శాలలోకి వస్తుంది. అందువల్ల వందమందికి పైబడిన బృందం వాయిస్తున్నా పాడేవారి మాట మునిగిపోదు. అయితే గొయ్యిలో వినిపించేది ఒకటి, శాలలో వినిపించేది మరొకటి కావడంతో, బృందాన్ని నడిపించే ఎంత అనుభవజ్ఞుడైన కండక్టరుకైనా మొదటిసారి ఇది కఠిన పరీక్షే. ఎవరికీ కనబడరు కాబట్టి వాద్యకారులు వేసవి ఉక్కలో మామూలు చొక్కాలతోనే వాయిస్తారు.

ప్రేక్షకుల సౌకర్యం మాత్రం అంతంతమాత్రమే. సుమారు 1900 ఆసనాలు విసనకర్ర ఆకారంలో ఒకే వాలులో ఉంటాయి. పక్క గోడల వెంట ప్రభువులకు ప్రత్యేకమైన బాక్సులు లేవు, వరుసల మధ్య దారి లేదు. తలుపులు మూశాక నడుమ కూర్చున్నవారు లేవాలంటే వరుస అంతా లేవవలసిందే.

సమాధానం: అరుణోదయం

మీ చివరి ప్రశ్నను ఎవరూ దాటవేయకూడదనే ఉద్దేశంతో రాస్తున్నాను. మరక హిట్లర్‌తో మొదలు కాలేదు. సంగీతంలో యూదుల గురించి విషం చిమ్మే వ్యాసాన్ని వాగ్నర్ 1850లోనే ప్రచురించారు. అదే మనిషి రాసిన ‘పార్సిఫాల్’ ఒపేరాకు 1882 తొలి ప్రదర్శనలో కండక్టరుగా వ్యవహరించింది యూదు మతగురువు కుమారుడైన హెర్మన్ లేవీ. ఈ రెండు వాస్తవాలనూ పక్కపక్కన పెట్టుకునే మనం ఆ సంగీతాన్ని వినాలి. 1930లో వాగ్నర్ కుమారుడు సీగ్‌ఫ్రీడ్ మరణించాక ఉత్సవ బాధ్యత చేపట్టిన ఆయన భార్య వినిఫ్రెడ్ హిట్లర్‌కు ఆప్తురాలు. 1933 నుంచి 1939 వరకు హిట్లర్ ఏటా ఈ ఉత్సవానికి అతిథిగా వచ్చాడు. యుద్ధానంతరం, 1951లో, ఆమె కుమారులు వీలాండ్, వోల్ఫ్‌గాంగ్ ఉత్సవాన్ని పునరుద్ధరించారు. వీలాండ్ పాత అలంకరణలన్నీ తీసివేసి, దాదాపు ఖాళీ వేదికను వెలుగునీడలతోనే నింపారు. అది కళాపరంగా గొప్ప మార్పు. కాని గతం గురించి బహిరంగంగా మాట్లాడడానికి దశాబ్దాలు పట్టింది.

ఇప్పుడు నాటకశాల ముందరి తోటలో, అక్కడ పనిచేసి నాజీల కాలంలో వెళ్లగొట్టబడిన, హత్యకు గురైన కళాకారుల వివరాలతో నిలువు ఫలకాలు ఉన్నాయి. 2012లో ప్రదర్శనగా పెట్టినవి అక్కడే నిలిచిపోయాయి. ఉత్సవానికి వెళ్లేవారు ముందు వాటిని చదివి లోపలికి వెళ్లాలని నేను కోరుకుంటాను.

మరొక స్థలం కూడా చెప్పాలి. విల్హెల్మీన ఒపేరా భవనం పక్కనే 1760 నాటి యూదుల ప్రార్థనామందిరం ఉంది. 1938 నవంబరులో నాజీ మూకలు దాని లోపలి భాగాన్ని ధ్వంసం చేశాయి గాని నిప్పు పెట్టలేదు, ఎందుకంటే మంటలు కలపతో కట్టిన నాటకశాలకు అంటుకుంటాయని భయం. ఆ మందిరంలో నేటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి.

అడిగినవారి స్పందన: సంగీతప్రియ

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పాత నాటకశాలే వాగ్నర్‌ను అక్కడికి రప్పించిందన్న సంగతి నాకు పూర్తిగా కొత్త. ఉత్సవం లేని రోజుల్లో వెళ్లేవారికి ఆ ఊళ్లో చూడదగినవి ఏమున్నాయో కూడా ఎవరైనా చెప్పగలరా?

సమాధానం: పాతకోట

చాలా ఉన్నాయండి. వాగ్నర్ నివసించిన వాన్‌ఫ్రీడ్ గృహం ఇప్పుడు ప్రదర్శనశాల. వెనుక తోటలో ఆయన, భార్య కోసిమ ఒకే సమాధిలో ఉన్నారు. కోసిమ తండ్రి లిస్ట్ 1886 ఉత్సవ సమయంలో ఈ ఊళ్లోనే మరణించారు, ఆయన సమాధి పట్టణ శ్మశానవాటికలో ఉంది. రచయిత జాఁ పౌల్ కూడా 1804 నుంచి 1825లో మరణించేదాకా ఇక్కడే నివసించారు. ఊరి వెలుపల విల్హెల్మీన తీర్చిదిద్దిన ఎర్మిటాజ్ ఉద్యానం ఉంది. అక్కడికి వెళితే కనీసం ఒక పూట కేటాయించండి. పాత నాటకశాలను మాత్రం మొదటే చూడండి. తర్వాత కొండ మీది శాలకు వెళితే, అక్కడి ఇటుక గోడలూ కొయ్య ఆసనాలూ దేనిని కాదని వచ్చాయో మీకే అర్థమవుతుంది.