జంతువుల బొమ్మల ఆరకిల్ కార్డులు: గుడ్లగూబ వస్తే ఏమని అర్థం చేసుకోవాలి?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
నమస్కారం. మా అమ్మాయి జంతువుల బొమ్మలున్న ఆరకిల్ కార్డుల (ఒకటి తీసి, దాని బొమ్మను బట్టి మనకు వర్తించే అర్థం చూసుకునే కార్డులు) పెట్టె తెచ్చి ఇచ్చింది. రోజూ పూజ ముగిశాక ఒక కార్డు తీస్తున్నాను. గత వారం మూడుసార్లు గుడ్లగూబే వచ్చింది. పెట్టెలోని చిన్న పుస్తకంలో దానికి 'వివేకం' అని రాసి ఉన్నా, మా అత్తగారు ఆ బొమ్మను చూడగానే కార్డును బోర్లా తిప్పి పెట్టారు. ఏ అర్థం తీసుకోవాలి?

జవాబు (కాజీపేట నుంచి):
కొత్త కార్డులు ఒకదానికొకటి అంటుకుంటాయి కనుక ముందు బాగా కలపండి. మూడుసార్లు రావడానికి అది కూడా కారణం కావచ్చు. టారో అనే మరో రకం జోస్యం కార్డుల కట్టలో 78 కార్డులు, స్థిరమైన వరుస ఉంటాయి. ఆరకిల్‌కు అటువంటి నియమం లేదు, తయారుచేసినవారు రాసిందే అర్థం. గ్రీకులకు గుడ్లగూబ ఎథీనా దేవత పక్షి, బెంగాల్‌లో లక్ష్మీదేవి వాహనం, మన ఊళ్లలో అపశకునం. అందువల్ల పుస్తకం తెరవకముందే, బొమ్మను చూసిన క్షణాన మీకు ఏమి తోచిందో నాలుగు వాక్యాలు రాసుకోండి.

జవాబు (జగిత్యాల నుంచి):
జంతువులను చూసి అర్థం వెతుక్కునే ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదు మహారాజుకు చెప్పిన 24 మంది గురువులలో కొండచిలువ, పావురం, తేనెటీగ, సాలెపురుగు ఉన్నాయి. వలలో చిక్కిన పిల్లల కోసం తానూ వలలో పడిన పావురాన్ని చూసి, మితిమీరిన మమకారం ఎక్కడికి తీసుకుపోతుందో ఆయన గ్రహించాడు. దసరానాడు పాలపిట్ట కోసం చెట్లన్నీ వెతికే మనకు గుడ్లగూబ దగ్గర మాత్రం ఎందుకింత జంకో!

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ఈ రోజు కార్డులు బాగా కలిపి తీస్తే తాబేలు వచ్చింది. అత్తగారు దగ్గరకు వచ్చి కూర్చున్నారు.