అప్‌డేట్: వాగ్దాన కార్డు గురించి అడిగింది నేనే

డిసెంబర్ 31 రాత్రి చర్చి ఆరాధనలో, కొత్త ఏడాదికి దేవుని వాగ్దానంగా తీసుకునే బైబిలు వచనం కార్డు తీస్తే నాకు యిర్మీయా 29:11 (మీకు హాని కాదు, మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయన్న దేవుని మాట) వచ్చింది, మార్చిలో నాన్న పోయారు, ఇక ఈ ఏడాది ఏ కార్డు తీయాలన్నా భయంగా ఉందని రాశాను కదా. "ముందు ఆ అధ్యాయం మొత్తం చదువమ్మా" అని ఒక అక్క చెప్పారు. చదివాను. నిజం చెప్పొద్దూ, మొదట కోపమే వచ్చింది.

ఎందుకంటే దాని పై వచనంలోనే, డెబ్బై ఏళ్లు నిండాకే మిమ్మల్ని తిరిగి తీసుకొస్తానని ఉంది! ఆ అధ్యాయం బబులోనుకు చెరపట్టబడి పోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అంటాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందన్నది 28వ అధ్యాయంలోని హనన్యా. అబద్ధ ప్రవక్త. నేను ఇన్నాళ్లూ కార్డులో వెతికింది హనన్యా మాటనేనేమో.

32వ అధ్యాయం ఇంకా నచ్చింది. యెరూషలేము ముట్టడిలో ఉంది, యిర్మీయా ఖైదులో ఉన్నాడు. అయినా అనాతోతులో పొలం కొన్నాడు, పదిహేడు తులాల వెండి తూచి. ఆ దేశంలో మళ్లీ ఇళ్లూ పొలాలూ కొంటారన్న దేవుని మాట మీద! పత్రాలు మట్టికుండలో పెట్టించాడు, చాలాకాలం పాడవకుండా.

నాన్న సమాధి దగ్గర పాస్టర్‌గారు చదివిన పునరుత్థాన వచనాలు, అంటే చనిపోయినవాళ్లు మళ్లీ లేస్తారన్న మాటలు, ఇప్పుడు ఆ కుండలో పత్రాల్లా అనిపిస్తున్నాయి. ఏడుపు మాత్రం తగ్గలేదు.

ఈసారి కూడా కార్డు తీశాను. అమ్మ చేతికిచ్చి, వచనం ముందూ వెనకా కలిపి చదివాం. పెరట్లో నాన్న వదిలేసిన మడిలో తోటకూర విత్తనాలు చల్లాం.