అప్‌డేట్: కంట్రోల్ షార్ట్‌కట్‌లు పనిచేయని సమస్య తీరింది

హన్మకొండలోని మా డీటీపీ సెంటర్‌లో కంట్రోల్ సీ, కంట్రోల్ వీ త్వరగా నొక్కితే పనిచేయడం లేదని, మీటను కాసేపు అదిమి పట్టుకుంటేనే అక్షరం పడుతోందని గత వారం ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఫిల్టర్ కీస్ అనే కీబోర్డు సదుపాయం ఆన్‌లో ఉందేమో చూడమన్న సలహాయే సరైనదని తేలింది. విండోస్‌లో కుడివైపు షిఫ్ట్‌ను 8 సెకన్లు నొక్కి ఉంచితే దాన్ని ఆన్ చేయాలా అని అడుగుతుంది; ఆన్ అయితే, క్షణకాలం తాకిన మీటలను లెక్కలోకి తీసుకోదు. పెళ్లిపత్రికల ప్రూఫుల కట్టను కీబోర్డుపై పెట్టే అలవాటు నాకుంది కాబట్టి, అప్పుడు వచ్చిన ప్రశ్నను చదవకుండానే సరే అని ఉంటాను. చేతులు వణికేవారికి ఎంతో మేలు చేసే సదుపాయమే అయినా, వేగంగా టైపు చేసేవారికి ఇది అడ్డంకి.

విండోస్ 11 సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, ఆపై కీబోర్డ్‌లోకి వెళ్లి దాన్ని, దాని షార్ట్‌కట్‌ను కూడా ఆఫ్ చేశాను. కొత్త కీబోర్డు, డ్రైవర్ మార్పు, వైరస్ స్కాన్ ఏవీ అవసరం లేకపోయాయి.