కుక్కతో దీవిలో గుడారం వేసుకున్నవారు ఎవరైనా ఉన్నారా?

వచ్చే సెలవుల్లో ఇద్దరు పిల్లలతో, మా కుక్కతో ఒక చిన్న దీవిలో నాలుగు రాత్రులు గుడారంలో గడపాలనుకుంటున్నాం. కుక్కను ఎవరి ఇంట్లోనైనా వదిలి వెళ్దామంటే పిల్లలు ఒప్పుకోవడం లేదు. నిజానికి నాకూ మనసు రావడం లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది పడవ ప్రయాణం. కారులో అరగంట కూర్చుంటేనే దానికి వాంతులవుతాయి, పడవలో గంటన్నర ఎలా తట్టుకుంటుందో! బయలుదేరే ముందు ఎంతసేపు తిండి పెట్టకుండా ఉంచారు? పశువైద్యుడు ఇచ్చిన మందు ఎవరికైనా పనిచేసిందా?

తరువాత నీళ్లు. మా కుక్క బరువు 20 కిలోలు. రోజుకు లీటరుకు పైగా మంచినీళ్లు కావాలి, ఎండలో ఇంకా ఎక్కువ తాగుతుంది. అన్నీ మోసుకెళ్లడానికి నేను సిద్ధమే. కానీ అలలు కనిపిస్తే చాలు, సముద్రపు నీటిలో మూతి పెట్టేస్తుంది. ఉప్పునీరు ఎక్కువగా తాగితే ప్రాణానికే ముప్పు. మీరు ఈ అలవాటును ఎలా మాన్పించారు?

ఇసుకలో గుడారానికి మామూలు మేకులు నిలవవు కాబట్టి ఇసుక నింపిన సంచులను పాతిపెట్టి తాళ్లు కడతాను. అయితే కుక్కను దేనికి కట్టాలి? నేల మీద గూళ్లు పెట్టే పక్షులు అక్కడ ఉన్నాయి, వాటి జోలికి అది వెళ్లకూడదు. రాత్రిపూట గుడారం లోపల పిల్లల పక్కనే పడుకోబెట్టవచ్చా?