‘జగజ్జెట్టి’ సాధురూపమేనా? ఒక పాత సిగరెట్ కార్డు కింద రాయవలసిన మాట

అమెరికాలో రిచ్‌మండ్ పట్టణపు అలెన్ అండ్ గింటర్ కంపెనీ 1887లో తన సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన 50 బొమ్మల వరుస పేరు ‘వరల్డ్స్ చాంపియన్స్’. దానిని తెలుగులో ఏమనాలని మిత్రులు అడిగారు. ‘ప్రపంచ విజేతలు’ అంటే తప్పు లేదు గాని, అది నిన్నటి పత్రికలో క్రీడల పేజీ మాటలా ఉంటుంది. నా ఓటు ‘జగజెట్టి’కి.

జెట్టి అంటే మల్లుడు కదా, ఆ 50 మందిలో కుస్తీ పట్టేవారు ఏడుగురే కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. తక్కినవారు బేస్‌బాల్ ఆటగాళ్లు, పడవ పందేలవారు, ముష్టియోధులు, తుపాకీ గురికాండ్రు, చివరకు బిలియర్డ్స్ ఆడేవారు. అయితే ‘చాంపియన్’ పుట్టుక కూడా బరిలోనే. మైదానమనే అర్థంగల లాటిన్ మాట నుంచి వచ్చి, ఒకప్పుడు ఇంకొకరి పక్షాన పోరాడే యోధుణ్ణి చెప్పేది. ఈ కార్డులో జరిగే పని సరిగ్గా అదే. మెత్తని కాగితపు పెట్టె నలగకుండా వేసే అట్టముక్క మీద, ముష్టియోధుడు జాన్ ఎల్. సల్లివన్ రంగుల బొమ్మను, దాని కింద అతని పేరును, కంపెనీ పేరును అచ్చువేశారు. పొగాకు రుచి ఊసు ముందువైపు ఎక్కడా లేదు. ఆ కండబలం ఎవరిదో ఎరిగినవాడు దానిని సిగరెట్టుకు తానే అంటగట్టుకుంటాడు. మన జెట్టిలోనూ ఈ ఛాయ ఉంది. మైసూరు ఆస్థానపు జెట్టీలు దసరాకు రాజు ఎదుట, పిడికిలికి ఆయుధం తొడిగి పోరాడే వజ్రముష్టి అనే కుస్తీ పట్టేవారు. అక్కడ గెలుపు మల్లుడిదైనా, శోభ కొలువుది.

ఇక రూపం సంగతి. ‘జగజ్జనని’లో జగత్, జనని రెండూ సంస్కృత పదాలే కాబట్టి, తకారాన్ని జకారంగా మార్చే శ్చుత్వ సంధికి పేచీ లేదు. ‘జగజ్జెట్టి’లో రెండవది తెలుగు మాట కావడం వల్ల వ్యాకరణం చెప్పే లాక్షణికులు దానిని వైరి సమాసం, అంటే పొసగని సంస్కృతం, తెలుగు మాటల కలయిక అంటారు. ‘జగము’లోని ‘ము’ జారిపోయిన ‘జగజెట్టి’కి ఆ దోషం అంటదు. నిజం చెప్పాలంటే, ఆ జకారపు ఒత్తులో ఉన్న బరువు వల్ల నా చెవికి కూడా తప్పు రూపమే ఇంపుగా ఉంటుంది. వాడుకలో గెలిచిందీ అదే. మాటల్లో ‘జగజ్జెట్టి’ అన్నవారిని నేను దిద్దను గాని, అచ్చులో మాత్రం ‘జగజెట్టి’ అనే రాస్తాను.

ఈ మాటను ఎంచుకోవడానికి మరొక కారణం ఆనీ ఓక్లీ. తుపాకీ గురికాండ్రు నలుగురిలో, బఫెలో బిల్‌గా పేరుమోసిన కోడీ సరసన, ఆమె బొమ్మ కూడా ఉంది. సంస్కృతపు లెక్కన ‘జగజ్జేత’ పుంలింగం, ఆమెను ‘జగజ్జేత్రి’ అనాలి; ఆ మాట కార్డు కింద రాస్తే చదివేవారు అచ్చుతప్పనుకుంటారు. ‘జెట్టి’ ఆమెకూ ఆయనకూ ఒకేలా సరిపోతుంది. కాబట్టి ఆ బొమ్మ కింద నేను రాసేది ఇది: ‘ఆనీ ఓక్లీ, తుపాకీ గురిలో జగజెట్టి.’